పొట్టి కొమ్ము

దీపావళికి వారం ముందు, శనివారం, టాటా వెళ్ళాను. జంషెడ్‌పూర్‌ని మేం టాటా అనే అంటాం. 2023లో పండగ నవంబరు 12న వచ్చింది.

నేను బయల్దేరడానికి రెండు రోజుల ముందు స్నేహితురాలు ఫోన్ చేసింది. “ఒలే, అల్లుడు మొదటి దీపావళికి వస్తన్నాడు. ఇల్లు చూస్తే ఇలగుంది. నా నడుం వంగట్లేదు. రెండ్రోజులు రా” అంది.

మేమిద్దరం ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో పెరిగాం. పెళ్ళై తను టాటా వెళ్ళింది. నేను ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయాను. మధ్య 134 కిలోమీటర్లు. అయినా చూసుకుని మూడేళ్ళయింది.

పొద్దున ఇస్పాత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. గిధ్నీ దాటితే బెంగాల్ అయిపోయి ఝార్ఖండ్ వస్తుంది. చాకులియా, ధాల్‌భూమ్‌గఢ్, ఘాట్‌శిలా, గాలూడీ. సాల చెట్లు, ఎర్రమట్టి, కోతకొచ్చిన వరి. దీపావళి ముందు ఆ దారిన వెళ్తే కిటికీ పక్క సీటు వదులుకోకూడదు. సంతాల్ ఊళ్ళలో మట్టి గోడలు అలికే రోజులవి. కాళీపూజ అమావాస్యకి వాళ్ళకి సొహ్రాయ్ పండగ. ఆ చుట్టుపక్కల బాంధ్నా అని కూడా అంటారు. మన కనుమలాంటిది, పశువుల పండగ. ఎద్దుల కొమ్ములకి నూనె రాస్తారు, దండలు వేస్తారు. గోడలు కొత్తగా అలికి బొమ్మలు వేస్తారు.

వేసేది ఆడవాళ్ళు. అడుగున గడ్డి కాల్చిన మసి కలిపి నల్లటి పట్టీ. దాని మీద ఎర్రమట్టి, పచ్చమట్టి, తెల్లమట్టి. వేళ్ళతో వేస్తారు, గుడ్డపీలికతో వేస్తారు, కొస నమిలిన పుల్లతో వేస్తారు. కొన్ని ఇళ్ళ మీద వట్టి గీతలూ పువ్వులే. కొన్నింటి మీద నెమళ్ళుంటాయి, ఎద్దులుంటాయి. మరుసటేడు మళ్ళీ అలికేస్తారు. అంత పని చేసి ఏడాదికే చెరిపేసుకునే వాళ్ళని చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఆశ్చర్యం. మా అమ్మమ్మ చెప్పేది, సీతంపేట కొండల్లో సవరలు కూడా గోడల మీద బొమ్మలు వేస్తారని. ఆవిడ శ్రీకాకుళం వదిలి వచ్చి యాభై ఏళ్ళయినా ఆ గోడల సంగతి మర్చిపోలేదు.

గాలూడీ దాటాక మబ్బు రంగు మారింది. అంటే టాటా వచ్చేసినట్టే. స్టేషన్‌కి ఒకప్పుడు కాళీమాటి అని పేరు. నల్లమట్టి అని అర్థం. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినప్పుడు కాళీమాటి టాటానగర్ అయింది. పాత పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ కనపడరు.

స్నేహితురాలి ఇల్లు కదమాలో. ఆమె మామగారి తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి ఉక్కు ఫ్యాక్టరీ కొలిమిలో పనికి కుదిరాడు. మామగారు, ఆ తరవాత భర్త, అందరూ ఆ ఫ్యాక్టరీ సైరన్ వింటూ బతికినవాళ్ళే. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఈ ఇల్లు కట్టుకున్నారు. ముందు వరండా, రెండు గదులు, హాలు, వెనక పెరడు. పెరట్లో కరివేప, తులసికోట.

నేను వెళ్ళేసరికి తను గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. “ఏటే, ఇంతసేపా?” అంది. తరవాత నా చేతిలో సంచీ తీసుకుని కళ్ళు తుడుచుకుంది.

రంగుల మేస్త్రీలు శుక్రవారానికే లోపలి గోడలన్నీ ముగించారు. మిగిలింది మా పని. నేల మీద సున్నం చుక్కలు గోకాలి. కిటికీ ఊచలు తుడవాలి. ఫ్యాన్లు, తలుపులు, అటక. పాత చీరలు కప్పిన సామానంతా మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టాలి.

సాయానికి ఒక రేజా వచ్చింది. ఆ వైపు కూలి పని చేసే ఆడవాళ్ళని రేజా అంటారు. తెల్లారగట్ల లోకల్ బండ్లలో పల్లెల నుంచి వందల మంది టాటా వస్తారు. చౌరస్తాలో నిలబడతారు. ఎవరికి కావాలంటే వాళ్ళు పిలుచుకుపోతారు. ఈమె గాలూడీలో బండి ఎక్కి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. దుమ్ము పడకుండా కళ్ళు మాత్రం కనపడేలా మొహానికి గుడ్డ కట్టుకుంది. రోజుకి నాలుగు వందలు. మా స్నేహితురాలు ఆమెని రేజా అని పిలిచింది. నేనూ అలాగే పిలిచాను.

మంచి పనిమనిషి. చెప్పించుకోదు. పెరటి గుమ్మం నుంచి వచ్చి, పెరటి గుమ్మం నుంచి వెళ్ళేది. ఖరగ్‌పూర్‌లో పెరిగినందుకు ఆమె మాట్లాడే బెంగాలీ కలిసిన హిందీ నాకు తెలుస్తుంది. అందుకని ఏదన్నా అడగాలంటే నన్నే అడిగేది.

పదకొండింటికి బొమ్మలు వేసే కుర్రాడు వచ్చాడు.

ఇది కూతురి కోరిక. “ఝార్ఖండ్‌లో ఉంటూ ఇంట్లో ఒక్క సొహ్రాయ్ బొమ్మ లేకపోతే ఎలా అమ్మా? ఆయనకి అలాంటివంటే ఇష్టం” అని హైదరాబాదు నుంచి చెప్పిందట. అల్లుడిది ఇళ్ళ లోపలి అలంకరణ పని. అందుకని మా స్నేహితురాలు వరండా గోడ ఒక్కటి మేస్త్రీలతో ఖాళీగా ఉంచమని చెప్పి, ఈ కుర్రాణ్ణి మాట్లాడుకుంది. గోడకి తొమ్మిది వేలు.

కుర్రాడు నెమ్మదస్తుడు. చెప్పులు బయట విప్పి, గడప ముందు ముగ్గు తొక్కకుండా పక్క నుంచి వచ్చాడు. మా స్నేహితురాలు దేశం కాని దేశంలో ఉన్నా రోజూ ముగ్గు వేస్తుంది. అత్తగారి నుంచి వచ్చిన అలవాటు. ఆ రోజుది పదకొండు చుక్కల ముగ్గు.

కుర్రాడు ట్యాబ్ తీసి బొమ్మలు చూపించాడు. సొహ్రాయ్, ఖోవర్ బొమ్మలకి 2020లో హజారీబాగ్ పేరు మీద జీఐ గుర్తింపు వచ్చిందని చెప్పాడు. “ఇవి మాత్రం హజారీబాగ్‌వి కావు ఆంటీ. మన దగ్గరవే. గాలూడీ అవతల ఊళ్ళన్నీ తిరిగి నేనే ఫోటోలు తీశాను. ఎక్కడా దొరకవు” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం వెలిగింది. పని మీద ప్రేమ ఉన్నవాడే.

చాలా బొమ్మలున్నాయి. మా స్నేహితురాలు ఒక ఎద్దు దగ్గర ఆగింది. “ఇది” అంది.

నేను కూడా అదే అనేదాన్ని. గోడ నిండా ఎద్దు. వీపు మీద పిట్ట. కాళ్ళ మధ్య మొక్క. పొట్ట నిండా తెల్ల చుక్కలు వరసలు తీరి ఉన్నాయి. కన్ను పెద్దది. ఎద్దు ఎటో పోతున్నట్టు లేదు. ఎవరో పిలిస్తే ఆగి, తల తిప్పి చూస్తున్నట్టుంది.

కుర్రాడు గోడ మీద చాక్‌పీసుతో గళ్ళు గీసుకుని మొదలుపెట్టాడు. రేజా బకెట్‌తో నీళ్ళు తెచ్చి వరండా తలుపు అవతల పెట్టి వెళ్ళింది. కుర్రాడు తల ఎత్తకుండా థాంక్యూ అన్నాడు.

శనివారం అటకతో సరిపోయింది. ఇత్తడి కుందులు, పెళ్ళినాటి ట్రంకు పెట్టె, పిల్ల చిన్నప్పటి పలక. ఒక్కో వస్తువు దించడం, ఒక్కో కథ చెప్పుకోవడం. సాయంత్రం బిస్టుపూర్ వెళ్ళి కర్టెన్ల గుడ్డ కొన్నాం. అక్కడే మన తెలుగువాళ్ళు కట్టుకున్న రామమందిరానికి వెళ్ళాం. మెట్ల మీద కూర్చుని మా అమ్మల గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరూ లేరు. “నువ్వు రాకపోతే ఈ ఇల్లు నా వల్ల అయ్యేది కాదే” అంది. నేను వెళ్ళింది ఇంటి కోసం కాదని తనకీ తెలుసు.

ఆదివారం పొద్దున రేజా ఏడింటికే వచ్చింది. నేను పెరటి గడప కడుగుతుంటే నా దగ్గరికొచ్చి, “దీదీ, ఇవాళ మూడు గంటల బండికి వదిలెయ్యమని చెప్తావా? మా గోడ ఇంకా అలకలేదు. పండగ దగ్గరికొచ్చేసింది” అంది.

నేను చెప్పాను. మా స్నేహితురాలు వంటింట్లోంచి వచ్చింది. పండగ కంగారు తనకీ ఉంది. “మట్టిగోడే కదా, రేపు అలుక్కోవచ్చు. ముందు ఈ పెరటి మెట్లు అవ్వనీ. ముందు గదిలో సున్నం ఇంకా ఎలగుందో అలగే ఉంది” అంది.

రేజా తల ఊపి మెట్ల దగ్గరికి వెళ్ళింది.

పది గంటలకి వరండాలోంచి మా స్నేహితురాలి కేక వినిపించింది. వెళ్ళాను. ఎద్దు మూడొంతులు అయింది. ఎర్రటి ఒళ్ళు, నల్లటి అంచు. ఆ గోడకే ప్రాణం వచ్చినట్టుంది. మా స్నేహితురాలు కొమ్ము వైపు వేలు చూపిస్తోంది.

“ఈ కొమ్మేటి ఇలగుంది?”

ఎడమ కొమ్ము చంద్రవంకలా పైకి లేచి ఉంది. కుడిది అందులో సగం కూడా లేదు. ట్యాబ్‌లో చిన్నగా ఉండి మేం గమనించలేదు. గోడ మీద మనిషెత్తున కనపడింది.

“ఫోటోలో ఇలాగే ఉంది ఆంటీ. నేనేం మార్చలేదు” అన్నాడు కుర్రాడు. ట్యాబ్ తీసి పెద్దది చేసి చూపించాడు. నిజమే.

“వేసినావిడ చెయ్యి జారుంటాది.”

“జానపదుల బొమ్మల్లో రెండు వైపులా ఒక్కలా ఉండదు ఆంటీ. అదే వాటి అందం” అన్నాడు.

నేను ఫోటో చేతిలోకి తీసుకుని చూశాను. చెయ్యి జారిన గీత ఒంకర పోతుంది. ఇది పోలేదు. తిన్నగా పైకి వచ్చి, అడ్డంగా, కోసినట్టు ఆగింది. ఆగిన చోట రెండు ఎర్ర చుక్కలున్నాయి. ఒకదాని కింద ఒకటి. ఒంటి మీద చుక్కలన్నీ తెల్లవి. ఎర్రవి ఆ రెండే. కుర్రాడు వాటిని కూడా వదలకుండా ఎక్కించాడు.

“అందమో ఏటో. కొత్తల్లుడు గుమ్మంలో అడుగు పెడతంటే ఎదురుగా కొమ్ము విరిగిన ఎద్దా? మా అత్తగారుంటే ఊరుకునేదా? సరి చేసెయ్ నాయనా” అంది మా స్నేహితురాలు.

కుర్రాడు నా వైపు చూశాడు. నేను ట్యాబ్ తిరిగి ఇచ్చేశాను.

పది నిమిషాల పని. కుడి కొమ్ము కూడా చంద్రవంకలా లేచింది. ఎర్ర చుక్కలు నల్లరంగు కిందికి వెళ్ళిపోయాయి. దూరంగా వచ్చి చూస్తే ఎద్దు నిండుగా ఉంది. మా స్నేహితురాలు ఫోటో తీసి కూతురికి పంపింది. అటు నుంచి వెంటనే మెచ్చుకోలు వచ్చింది.

మధ్యాహ్నం పులిహోర చేసింది. కుర్రాడు మాతో పాటు బల్ల దగ్గర తిన్నాడు. రేజా పెరటి మెట్ల మీద తింది. మా స్నేహితురాలు రెండోసారి కూడా వెళ్ళి వడ్డించి వచ్చింది. అటకలోంచి తీసిన చీరల్లో చిరగని వాటిని రెండు చూసి ఆమెకి ఇచ్చింది. మనసు మంచిది. మూడు గంటల బండి సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నాలుగున్నరకి కుర్రాడు చివరి చుక్క పెట్టాడు. గోడకి కుడి వైపు అడుగున సన్నటి బ్రష్షుతో నల్లగా ఏదో రాసి, బ్రష్షులు కడుక్కుని, డబ్బు తీసుకుని బండి మీద వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు మా ఇద్దరి కాళ్ళకీ దండం పెట్టాడు.

కర్టెన్లు తగిలించాం. ఇల్లు కళకళలాడింది. మా స్నేహితురాలు హాలు మధ్య నిలబడి చుట్టూ చూసుకుంది. తను అలా నవ్వడం చూసి ఎన్నాళ్ళో అయింది. నాకు నడుం విరిగిపోతున్నా, వచ్చినందుకు తృప్తిగా అనిపించింది.

అయిదు దాటాక రేజాకి డబ్బులిచ్చింది. ఎనిమిది వందలు, పైన బండికని యాభై. పెరటి వైపు కొత్తగా సిమెంటు పూసి ఉంది. అందుకని “ఇవాళ ముందు నుంచి వెళ్ళిపో” అని చెప్పి తను దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

నేను వరండాలో కుర్చీలో ఉన్నాను. రేజా చీరల మూట చంకన పెట్టుకుని వచ్చింది. రెండు రోజుల్లో ఆమె ముందు వరండాలోకి రావడం అదే మొదలు. మెట్టు దిగబోతూ ముగ్గు చూసి ఆగింది. తొక్కకుండా పక్కకి తిరిగింది. తిరిగితే ఎదురుగా గోడ.

అలాగే నిలబడిపోయింది.

వీధి లైటు వెలిగింది. ఆమె కదల్లేదు. బండి తప్పిపోతుందేమోనని నేనే, “బాగుందా?” అన్నాను.

“దీదీ, ఆ కొమ్ము అంత పొడుగు కాదు” అంది.

నేను గోడ వైపు చూశాను.

“కుడిది. కట్టెల దడిలో ఇరుక్కుని విరిగింది. నెత్తురు ఆగలేదు. పసుపు పెట్టి నేనే కట్టు కట్టాను. ఆ ఏడు బాంధ్నాకి గోడ మీద వేసినప్పుడు కూడా పొట్టిగానే వేశాను. ఇక్కడ రెండు ఎర్ర చుక్కలు పెట్టాను.” చుక్కలున్న చోటికి వేలు చూపించింది. గోడని తాకలేదు.

“ఎప్పుడు?” అన్నాను. అంతకంటే ఏం అడగాలో తోచలేదు.

“రెండేళ్ళయింది. ఎవరో కుర్రాడు బండి మీద వచ్చి ఫోటో తీసుకున్నాడు. ఎండన పడి వచ్చాడని నీళ్ళిచ్చాను. పిండివంట చేసింది ఉంటే పెట్టాను. గోడ బాగుంది అన్నాడు.” ఆమె గొంతులో కోపం కోసం వెతికాను. లేదు. “నిరుడు వానల్లో ఎద్దు పోయింది దీదీ. పేరు పెట్టి పిలిస్తే పొలం అవతల ఉన్నా వచ్చేసేవాడు. గోడ మీదది కూడా ఎప్పుడో పోయింది. ఏటేటా అలికేస్తాం కదా. ఇంక వాడు ఎక్కడా లేడు అనుకున్నాను.”

లోపల మా స్నేహితురాలు గంట వాయించింది. హారతి కర్పూరం వాసన వచ్చింది.

రేజా వంగి గోడ అడుగున చూసింది. నల్లటి అక్షరాలు. కుర్రాడి పేరు, పక్కన 2023.

“ఇక్కడ ఏదో రాసి ఉంది. ఏమిటి దీదీ?”

“పేరు” అన్నాను.

ఆమె మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగేసింది. రెండు రోజుల్లో ఆమె మొహం నేను చూడటం అదే మొదటిసారి. నవ్వుతోంది.

“మా ఎద్దుదా?” అంది.